కింద పార్కింగులో బండి, పైన ఇంట్లో బ్యాటరీ

ఏం వదినా, పొద్దున్నే మీ పార్కింగులో ఆ టకటక మోత ఏంటి? మీ అబ్బాయి బండేనా? గోడకి ఇవతల ముగ్గు వేస్తూ వింటూనే ఉన్నా. సెల్ఫ్ నొక్కడం, లోపల రిలే కొట్టుకోవడం, మళ్లీ నొక్కడం. ఆఖరికి వాచ్‌మన్నీ పాలబ్బాయినీ పిలిచి గేటు దాకా తోయించినట్టున్నాడు. పాపం, స్టార్ట్ కాలేదు కదా?

అవదు వదినా. బ్యాటరీ పూర్తిగా పడిపోయాక ఎంతమంది తోసినా ఈ కాలం బండి పలకదు. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నీ బీఎస్-6 అయి తీరాలన్నారు కదా, దాంతో కార్బురేటర్లు దాదాపు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ట్యాంకులోంచి పెట్రోలు తోడే పంపుకీ కరెంటు కావాలి, ఎంత చిమ్మాలో లెక్కగట్టే పెట్టెకీ కరెంటు కావాలి. పైగా చాలా బండ్లకి కిక్ రాడ్డే తీసేశారు. మీ మామగారి టీవీఎస్-50 గుర్తుందా? 1980లో హొసూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి అది. అప్పుడు హొసూరు మన ధర్మపురి జిల్లాలోదే, 2004లో కృష్ణగిరి జిల్లా విడిపోయేదాకా. పెడల్ తొక్కితే చాలు, స్టార్ట్ చేయడానికి బ్యాటరీ మొహం చూడక్కర్లేదు. ఆ సుఖం పోయింది.

బ్యాటరీ కొని రెండేళ్లు కూడా కాలేదంటారా? కాకపోయినా పోతుంది. మీవాడు సోమవారం తెల్లారుజామున బెంగుళూరు బస్సెక్కితే మళ్లీ వచ్చేది ఎప్పుడో. అన్నాళ్లూ బండి స్తంభం పక్కన కవరు కప్పుకుని నిలబడే ఉంటుంది. మనకి నిలబడినట్టే కనిపిస్తుంది గానీ లోపల బ్యాటరీ ఊరికే ఉండదు. తాళం తీసేసినా మీటరులో గడియారం నడుస్తుంటుంది. అలారమో, ఎక్కడుందో చెప్పే జీపీఎస్ పెట్టెనో పెట్టించి ఉంటే అది ఇంకాస్త తాగుతుంది. అవేవీ లేకపోయినా బ్యాటరీ తనంతట తానే కొంచెం కొంచెం దిగుతుంది. ఎండాకాలం మరీ. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ దిగడం దాదాపు రెట్టింపు. చైత్ర వైశాఖాల్లో మన ఊరి వేడి సంగతి మీకు నేను చెప్పాలా?

దిగితే మళ్లీ ఎక్కించుకోవచ్చు, అది పెద్ద విషయం కాదు. దిగిన బ్యాటరీని అలాగే వదిలేస్తేనే అసలు నష్టం. లోపల ఉండేవి సీసం పలకలు, గంధకామ్లం. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే చేసిన బ్యాటరీ కిటుకే ఇప్పటికీ నడుస్తోంది. చార్జి దిగినప్పుడల్లా ఆ పలకల మీద తెల్లగా సల్ఫేట్ పడుతుంది. వెంటనే చార్జి పెడితే కరిగిపోతుంది. వారాల తరబడి వదిలేస్తే, వానాకాలంలో డబ్బా అడుగున గడ్డకట్టిన ఉప్పులా గట్టిపడి కూర్చుంటుంది. ఆ తర్వాత ఎంత చార్జి పెట్టినా ఆ పలక పనికిరాదు. బ్యాటరీ నిండినట్టే చూపిస్తుంది, సెల్ఫ్ నొక్కగానే చతికిలబడుతుంది.

అందుకే ఇంట్లో ఒక చిన్న మల్టీమీటర్ ఉండాలంటాను. ఎలక్ట్రికల్ అంగట్లో రెండు మూడొందలకి దొరుకుతుంది. బండి కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక ఎర్ర పుల్ల ప్లస్‌కీ నల్ల పుల్ల మైనస్‌కీ ఆనిస్తే వోల్టుల అంకె వస్తుంది. 12.6 పైన ఉంటే కడుపు నిండా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, ఇక చార్జి గురించి ఆలోచించాలి. 12.2కి వచ్చిందంటే సగం ఖాళీ. 12కి దిగితే ఆ రోజే చార్జి పెట్టాలి, పై ఆదివారం దాకా ఆగకూడదు. మా అత్తగారు బీపీ మిషన్ అంకె రాసుకున్నట్టు నేను ఈ అంకె క్యాలెండరు మీద రాస్తుంటే మా ఆయన నవ్వుతారు. నవ్వనీండి.

ఆయన పద్ధతి వేరు లెండి. రోజూ పొద్దున్నే కిందికి పోయి అయిదు నిమిషాలు బండి ఆన్‌లో ఉంచి వస్తే బ్యాటరీ బాగుంటుందని ఆయన నమ్మకం. మన ఊళ్లో మగవాళ్లలో సగం మంది ఇదే చేస్తారు. ఆ పొగంతా కింది ఇంటివాళ్ల వంటింటి కిటికీలోకి పోవడం తప్ప దానివల్ల ఒరిగేదేం లేదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకి హెడ్‌లైటు ఆర్పే స్విచ్చే లేదు, ఇంజను ఆన్ అయితే లైటు వెలగాల్సిందే. నిలబెట్టిన బండిలో ఇంజను మెల్లగా తిరుగుతుంటే పుట్టే కరెంటు చాలామటుకు ఆ లైటుకీ పంపుకీ సరిపోతుంది. బ్యాటరీకి మిగిలేది అంతంతమాత్రం. పోనీ మిగిలినా బ్యాటరీ గబగబా తీసుకోదు, నిండే కొద్దీ నెమ్మదిస్తుంది. బండి రోడ్డెక్కి అరగంట, ముప్పావుగంట పరుగెత్తాలి. ఊళ్లోని కోట గుడి దాకా వెళ్లొస్తే చాలదు. అదియమాన్‌కోట్టై కాలభైరవుడి దగ్గరికి వెళ్లి దణ్ణం పెట్టుకు రమ్మనండి, పుణ్యం, చార్జీ రెండూ. హొగెనక్కల్ దాకా పోతానంటే ఇంకా మంచిది.

బండి నడిపేవాళ్లే ఊళ్లో లేనప్పుడు ఏం చేయాలంటారా? చార్జరు పెట్టాలి, అక్కడే వస్తుంది తగువు.

మా వెనక వీధిలో ఒక అపార్ట్‌మెంటు ఉంది, పేరెందుకు లెండి. అక్కడ ఒకాయన పార్కింగులో లైటు స్విచ్చు కింద ఉన్న ప్లగ్గులోంచి వైరు లాగి, రెండు కార్ల చక్రాల కిందుగా తెచ్చి, బండి పక్కన చార్జరు పెట్టి పోయాడు. మర్నాటికి వైరు నలిగింది, ఎవరో ప్లగ్గు పీకేశారు. సాయంత్రానికి మీటింగు! 'కామన్ కరెంటుతో సొంత బండికి చార్జింగా' అని ఒకరు, 'నేను మెయింటెనెన్స్ కట్టట్లేదా' అని ఆయన. పాత మీటింగుల నాటి నీళ్ల ట్యాంకు గొడవ కూడా తవ్వుకున్నారట.

ఇంతకీ ఎంత కరెంటో లెక్క వేద్దాం రండి. మామూలు బండి బ్యాటరీ 12 వోల్టులు, 5 ఏహెచ్ (యాంపియర్ అవర్లు). గుణిస్తే 60 వాట్ అవర్లు. చార్జరులో వేడిగా పోయేదాన్ని ఉదారంగా కలుపుకున్నా వంద దాటదు, అంటే యూనిట్లో పదో వంతు. ఈబీ (తమిళనాడు కరెంటు బోర్డు) వాళ్లు 2022 సెప్టెంబరులో అపార్ట్‌మెంట్ల కామన్ మీటరుకి వేరే రేటు పెట్టి యూనిట్‌కి 8 రూపాయలు అన్నారు. గోల గోల అయ్యాక 2023లో లిఫ్టు లేని, మూడంతస్తులూ పది ఇళ్లూ మించని చిన్న భవనాలకి అయిదున్నరకి దించారు. ఆ పాత ఎనిమిది రూపాయల లెక్కనే చూసినా ఒక బ్యాటరీ నిండడానికి ఒక్క రూపాయి కూడా కాదు. ఆ రూపాయి కోసం రెండిళ్ల మధ్య మాటల్లేవు ఇప్పుడు.

అయినా ప్లగ్గు పీకినవాళ్లది పూర్తిగా తప్పని నేననను. రూపాయి సంగతి అలా ఉంచండి, వైరు మీద నుంచి కారు పోతే? వాన నీళ్లు ర్యాంపు మీదుగా లోపలికి వచ్చి ఆ ప్లగ్గు తడిస్తే? సెలవుల్లో పిల్లలు అక్కడే కదా క్రికెట్టు ఆడేది. ఎర్ర క్లిప్పు, నల్ల క్లిప్పు చూస్తే ఏ పిల్లవాడి చెయ్యి ఊరుకుంటుంది? ఇంకోటి కూడా ఉంది. ఇవాళ పెట్రోలు బండి బ్యాటరీకని ప్లగ్గు వదిలేస్తే, రేపు ఎలక్ట్రిక్ స్కూటరు తెచ్చుకున్నవాళ్లు అదే ప్లగ్గు అడుగుతారు. మన పక్కనే పోచంపల్లిలో ఓలా ఫ్యాక్టరీ ఉంది కదా (చీరల పోచంపల్లి కాదు వదినా, కృష్ణగిరి జిల్లాది), ఇక్కడ ఆ స్కూటర్లకేం కొదవ? దానికి ఒకసారి నిండాలంటే మూడు నాలుగు యూనిట్లు కావాలి. రోజూ పెడితే నెలకి వందల్లో తేలుతుంది. ఆ రెండింటినీ ఒక గాటన కట్టకూడదు. స్కూటరు ఉన్నవాళ్లు వాళ్ల మీటరు నుంచే విడిగా లైను లాగించుకుని, ఎర్తూ ఎంసీబీ పెట్టించుకోవాలి. ఆ మాట అసోసియేషన్ పుస్తకంలో రాసుకుంటే మీటింగుల్లో గొంతులు పోగొట్టుకునే పని ఉండదు.

పెట్రోలు బండికి నేను చెప్పేది ఒకటే. బ్యాటరీ ఊడదీసి పైకి తెచ్చుకోండి. ఎంతుంటుంది, రెండు కిలోల పైచిలుకు, చిన్న చింతపండు పొట్లమంత. మన ఇంటి ఈబీ మీటరులో రెండు నెలలకి మొదటి వంద యూనిట్లు 2016 నుంచి ఫ్రీయే కదా, దీనికయ్యే కరెంటు మీ బిల్లులో కనిపించను కూడా కనిపించదు.

ఊడదీయడం కష్టమేం కాదు. తాళం చెవి తీసేసి, సైడు ప్యానెలో సీటో తీస్తే బ్యాటరీ కనిపిస్తుంది. ముందు నల్ల వైరు, మైనస్, అది ఊడదీయాలి. ఆ తర్వాతే ఎర్రది. ఎందుకంటే బండి ఇనుమంతా మైనస్‌తోనే కలిసి ఉంటుంది. ఎర్రది ముందు విప్పుతుంటే స్పానరు పొరపాటున ఫ్రేముకి తగిలిందనుకోండి, నిప్పురవ్వలే. బిగించేటప్పుడు తిరగేసి, ముందు ఎర్రది, ఆఖరున నల్లది. స్క్రూ వెనక ఒక చిన్న చదరపు నట్టు ఉంటుంది, అది జారి బండి లోపల పడిందా, దాన్ని వెతకడానికే ఆదివారం సరిపోతుంది. కింద గుడ్డ పరుచుకోమనండి. టెర్మినల్ మీద తెల్లగానో పచ్చగానో పొడి కట్టి ఉంటే వేడి నీళ్లలో తినే సోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో తోమి, తుడిచి ఆరబెట్టాలి. బిగించాక పైన కాస్త వాజెలిన్ రాస్తే మళ్లీ త్వరగా కట్టదు.

చార్జరు మాత్రం చూసి కొనాలి. కారు బ్యాటరీలకి పెట్టే పెద్దది వద్దు. బ్యాటరీ మీద రాసిన ఏహెచ్‌లో పదో వంతు యాంపియర్లు చాలు, 5 ఏహెచ్‌కి అర యాంపియరు. ఒకటి దాకా ఫర్వాలేదు. నిండాక తనంతట తానే తగ్గించుకునే రకం తీసుకోండి. అది 14.4 వోల్టుల దాకా ఎక్కించి, తర్వాత పదమూడున్నర ప్రాంతానికి దిగి ఊరుకుంటుంది. తగ్గించుకోవడం తెలియని పాతరకం పెట్టెలు రాత్రంతా ఉడికించి తెల్లారేసరికి బ్యాటరీ పొట్ట ఉబ్బిస్తాయి. లిథియం బ్యాటరీ ఉన్న బండైతే దానికి వేరే చార్జరు, ఇది పనికిరాదు. మూత లేని సీల్డ్ బ్యాటరీని నీళ్లు పోద్దామని తెరవొద్దు. మూతలున్న పాతరకం అయితే డిస్టిల్డ్ వాటరే, కుళాయి నీళ్లు కాదు. వంటింట్లో గ్యాసు పొయ్యి పక్కన అసలే పెట్టొద్దు, చార్జి ఎక్కేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. బాల్కనీలో, ఎండా వానా తగలని చోట పెట్టండి. పక్కన నిలబడి మీ మరిది బీడీ ముట్టించకుండా చూసుకోండి.

ఏంటీ, మీవాడిది ఎలాగూ పోయి ఉంటుందా? తీర్మానించేయకండి. ఒక రాత్రి చార్జి పెట్టి, తీసి, కొన్ని గంటలు పక్కన పెట్టి మీటరు ఆనించండి. 12.6 చూపిస్తే బతికినట్టే. గంట గంటకీ దిగుతూ 12 దగ్గరికి వస్తే కొత్తది కొనక తప్పదు. పాతది చెత్తబండిలో వేయకండి, దాంట్లో సీసం ఉంది. అంగడివాడికిస్తే కొత్తదాని ధరలో తగ్గిస్తాడు, అది కరిగి మళ్లీ బ్యాటరీ అవుతుంది. మన తిరుపతి పక్క కరకంబాడిలో గల్లా రామచంద్రనాయుడు గారు 1985లో మొదలుపెట్టిన అమరరాజావాళ్లదైనా, ఇంకొకరిదైనా సరే, చూడాల్సింది పేరు కాదు, దాని మీద కొట్టిన తయారీ తేదీ. ఏడాదిగా అల్మరాలో పడున్నది అంటగడితే తీసుకోవద్దు.

ఇదంతా ఎవరు చేస్తారులే అనుకుంటున్నారు కదా, మీ మొహమే చెబుతోంది. సరే, ఒక్క పని చేయించండి. మీవాడు బెంగుళూరు బస్సెక్కే ముందు ఆ నల్ల వైరు ఒక్కటి ఊడదీసి పొమ్మనండి. గడియారం టైము మళ్లీ పెట్టుకోవాలి, అంతే. అలారమూ జీపీఎస్సూ తాగేది ఆగుతుంది, నిండుగా ఉన్న బ్యాటరీ అయితే నెల గడిచినా సెల్ఫ్ అందుకుంటుంది. పదో నంబరు స్పానరు మా ఇంట్లో ఉంది, గోడ మీంచి అందిస్తా.