ఒక్కొక్క పెల్లెట్‌కు లెక్క

మా ఇంట్లో పాల లెక్క రాసేది నేనే. పొద్దున ఎన్ని లీటర్లు, సాయంత్రం ఎన్ని లీటర్లు, దాణాకు ఎంత పోయింది, అన్నీ నా నోటుబుక్కులో ఉంటాయి. అటువంటి నేను, నా కన్నకూతురు రాత్రిపూట అన్నం తింటున్నదో లేదో తెలియకుండా ఆరు నెలలు గడిపాను. ఆ సంగతే మీతో చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

మా అమ్మాయి హైదరాబాదులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నది. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ పిస్టల్ పోటీల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచింది. అది టీవీలో చూసిన దినం నుండి మా పిల్లకు అదే ధ్యాస. "ఆడపిల్లకు తుపాకీ ఏమిటి?" అని బంధువులు ముక్కున వేలేసుకున్నారు. అయినా మావారు ఒప్పుకున్నారు. ఉన్న రెండు గేదెల్లో ఒకదాన్ని అమ్మి, ఎవరో వాడిన ఎయిర్ పిస్టల్ కొనిచ్చాం. ఖర్చు అంతటితో తీరిందనుకున్నాం.

అయితే అసలు ఖర్చు అప్పుడే మొదలైంది. ఈ పిస్టల్ గాలి ఒత్తిడితో పనిచేస్తుంది. అందులో పెట్టేది నాలుగున్నర మిల్లీమీటర్ల చిన్న సీసపు గుండు. దాన్ని పెల్లెట్ అంటారు. ఒకసారి కాలిస్తే నలిగిపోతుంది, మళ్లీ పనికిరాదు. డబ్బాకు 500 ఉంటాయి. పోటీలో 10 మీటర్ల దూరం నుండి, ఒంటిచేత్తో, 75 నిమిషాల్లో 60 సార్లు కాల్చాలి. ముందు గురి సరిచూసుకోవడానికి మరికొన్ని అవసరం. దినదినం అలాగే సాధన చేస్తే డబ్బా వారం తిరిగేసరికి ఖాళీ. ఆమె కొంటున్న మేలురకం డబ్బా దాదాపు వెయ్యి రూపాయలు. అంటే నెలకు నాలుగు వేలు!

మేము పంపేది అందులో సగమైనా లేదు. ఫోనులో "సరిపోతున్నాయా తల్లీ?" అంటే, "సరిపోతున్నాయమ్మా" అనేది.

సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు చూస్తే చేతి గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను. మెస్సులో రాత్రి భోజనం టోకెన్లు కొనడం మానేసి, ఆ డబ్బుతో పెల్లెట్లు కొంటున్నదట. "చెబితే నాన్న రెండో గేదెను కూడా అమ్మేస్తారని భయపడ్డానమ్మా" అని ఏడ్చింది. నిజానికి మావారు అమ్మేవారే.

ఆ రాత్రే ఆయన కోచ్ గారికి ఫోను చేసి, ఉన్న సంగతి దాచకుండా చెప్పారు. ఆయన మమ్మల్ని తక్కువగా చూడలేదు. "డబ్బా ఖాళీ అయితే సాధన అయిందనుకుంటారు పిల్లలు. సగం నేర్పు పెల్లెట్ లేకుండానే వస్తుందండీ" అన్నారు.

దాన్ని డ్రై ఫైరింగ్ అంటారు. పిస్టల్ ఖాళీగా ఉన్నదని రెండుసార్లు చూసుకుని, పెల్లెట్లు వేరే గదిలో పెట్టి, తెల్లగోడకు ఎదురుగా నిలబడి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాలి. పోటీ పిస్టళ్లలో ఇందుకని ప్రత్యేక ఏర్పాటు ఉంటుంది. ట్రిగ్గర్ జారే క్షణంలో ముందు సైటు కదిలితే, తప్పు తన చేతిదేనని తనకే తెలుస్తుంది. పైసా ఖర్చులేదు.

అప్పుడు నేను నా పాల నోటుబుక్కులోనే వెనక పేజీ తీశాను. ముగ్గురం కూర్చుని లెక్క వేశాం. దినమూ అరగంట గోడ ముందు సాధన. వారంలో మూడు దినాలే పెల్లెట్లతో. రెండు దినాలు 40 చొప్పున, మూడవ దినం పోటీలో లాగా పూర్తిగా. వారానికి 155 పెల్లెట్లు. రెండు డబ్బాలు ఆరు వారాలు దాటి వస్తాయి. మేలురకం పోటీలకు దాచి, సాధనకు కాస్త చౌకరకం వాడాలి. తోటి పిల్లలతో కలిసి ఒకేసారి కొంటే కొరియర్ ఖర్చు పంచుకోవచ్చు. సీసం గనుక కాల్చిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోనిదే ఏదీ తినకూడదు. చివర నేనొక వరుస చేర్చాను: "రాత్రి భోజనం. దీనిలో కోత లేదు."

మూడు నెలలు గడిచాయి. మార్కులు ఆకాశాన్ని అంటలేదు. సగటున తొమ్మిది పెరిగాయి. పెల్లెట్ తక్కువైన కొద్దీ ప్రతి దాని మీదా మనసు నిలుస్తున్నదని అమ్మాయి అంటుంది. ఒంటికి కాస్త కండ పట్టింది. గేదె కూడా కొట్టంలోనే ఉంది.

ఇకముందు పాయింట్ 22 పిస్టల్ నేర్చుకోవాలని ఆశపడుతున్నది. దానికి లైసెన్సు కావాలి, తూటాలకు పరిమితి ఉంటుంది. కాల్చిన ఖాళీ తొడుగులను మళ్లీ నింపుకునే వీలు కూడా లేదు. ఆ ఖర్చు మాకు అందుతుందో లేదో ఇంకా తేలలేదు. ఈసారి మాత్రం తానే అంకెలన్నీ రాసి తెచ్చి మా ముందు పెట్టింది.

తల్లిదండ్రులారా, పిల్లలు "సరిపోతున్నాయి" అంటే అక్కడితో ఊరుకోకండి. ఏమేమి కొన్నారో అడగండి. ఆపైన, రాత్రి ఏం తిన్నారో కూడా అడగండి.