బావ తెచ్చిన ప్లేయరు

మా బావ అమెరికాలో ముప్పయ్యేళ్ళుండి, తిరిగొస్తూ పాత రికార్డు ప్లేయరొకటి మోసుకొచ్చాడు. పక్కన మోటారు, మధ్యన పళ్ళెం, రెంటికీ ముడిపెడుతూ రబ్బరు బెల్టు. మోటారు వణుకు ముల్లుదాకా పాకకుండా బెల్టే మింగేస్తుంది. 1961లో ఎడ్గర్ విల్చర్ అనే ఆయన తన ఏఆర్ ప్లేయరులో పళ్ళేన్నీ టోన్ ఆర్మ్‌నీ కలిపి స్ప్రింగుల మీద నిలబెట్టాక, ఇలాంటివాటికి గిరాకీ పెరిగింది.

"ట్రాన్స్‌ఫార్మర్ పెట్టా, నూటపది వోల్టులే వెళ్తున్నాయి, ఢోకా లేదు" అంటూ బావ ఘంటసాల భగవద్గీత వేశాడు. ఆయనది గంభీరమైన గొంతే గానీ, మరీ నూతిలోంచి వస్తున్నట్టుండదు కదండీ! అక్క వంటింట్లోంచి తొంగిచూసి, "పాపం, పడిశం పట్టిందా ఆయనకి?" అంది.

మెకానిక్ బెల్టు సాగిందన్నాడు. మార్చాడు. అదే పడిశం. ఇంకోటి మార్చాడు. ఊహూఁ. నన్నడిగితే, ఈ ప్లేయర్లలో ప్రతి పాపమూ బెల్టు నెత్తినే రుద్దుతారు.

బావ దగ్గర వేగం చూసుకునే గీతల చక్రం ఉంది. పళ్ళెం మీద పెట్టి ట్యూబులైటు కింద తిప్పితే, వేగం సరిగ్గా ఉన్నప్పుడు గీతలు నిలబడిపోయినట్టు కనిపిస్తాయి. నిలబడ్డాయి కూడా! "చూశావా, ముప్పైమూడూ మూడోవంతూ!" అన్నాడు. నేను మాత్రం పళ్ళెం అంచుకి కాగితం ముక్క అంటించి, గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి ఇరవై ఎనిమిది చుట్లైనా పూర్తి కాలేదు.

తిరకాసెక్కడంటే, ఆ మోటారు పరుగు వోల్టుల్ని బట్టి కాదు, కరెంటు హెర్ట్జ్‌ని బట్టి. అక్కడ 60, ఇక్కడ 50. అక్కడ 300 చుట్లు తిరిగేది ఇక్కడ 250తో సరిపెడుతుంది. పాట మూడు స్వరస్థానాలు కిందికి జారుతుంది, మూడు నిమిషాల పాట మూడున్నర దాటుతుంది. మరి గీతలెందుకు కదల్లేదు? ఆ చక్రమూ అమెరికాదే, 216 గీతలది. మన ట్యూబులైటూ అదే లెక్కన నెమ్మదిగా మినుకుతోంది. దొంగా, సాక్షీ ఒకే ఊరివాళ్ళన్నమాట! మన కరెంటుకైతే 180 గీతలది కావాలి.

మందు, మోటారుకి పాతదానికన్నా ఐదోవంతు ఎక్కువ లావైన పుల్లీ. లేతు మిషనతను ఇత్తడిలో చేసిచ్చాడు. రంధ్రం వెంట్రుకవాసి పక్కకి జరిగి, వీణ తీగ సాగినచోటల్లా సన్నగా వణికింది. రెండోది కుదిరింది.

నిజంగా బెల్టే సాగితే పళ్ళెం బయల్దేరడానికే బద్ధకిస్తుంది. వేడినీళ్ళలో వేస్తే బిగుస్తుంది గానీ, ఆ ముచ్చట నాలుగురోజులే. కొత్తది వేసేముందు పుల్లీని స్పిరిటుతో తుడవండి, గుడ్డకి నల్లగా అంటితే ఆశ్చర్యపోకండి. బెల్టు తీసేసి పళ్ళేన్ని వేలితో తిప్పి వదలండి. నింపాదిగా ఆగాలి. చప్పున ఆగిందంటే ఇరుసులో నూనె జిగటపడింది. పాతది తుడిచి, పల్చటి మిషను నూనె నాలుగు చుక్కలు వెయ్యండి. కొబ్బరినూనె వద్దు, చలికాలం గడ్డకడుతుంది.

పాత పుల్లీ బావ పారెయ్యలేదు. "మళ్ళీ వెళ్తే పనికొస్తుంది" అని ఎక్కడో దాచాడు. మొన్న పోపు వేస్తుంటే ఆవాల్లో దొరికిందట అక్కకి.