సాలూరు సీటు, కాగజ్ సబూత్

2024లో మా భతీజాకి మొదటి వోటు వచ్చింది. సాలూరులో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తాడు. నామినేషన్ల రోజుల్లో అడిగాడు: "చాచా, ఇక్కడ మనవాళ్లు ఎప్పుడూ ఎందుకు నిలబడరు?" ఎస్టీ రిజర్వుడు సీటు బేటా, అన్నాను. "మరి అరకు ఎంపీ సీటు?" అదీ అంతే. "అంటే నేను వోటు వేయొచ్చు గానీ నిలబడకూడదు. ఇది జుల్మ్ కాదా?"

కాదు అని ఒక్క మాటతో తప్పించుకోవచ్చు. కానీ సవాల్ అడిగినవాడికి జవాబ్ బాకీ ఉంటాం కదా. ఇద్దరం చాయ్ పట్టుకుని కూర్చున్నాం. వాడికి చెప్పినదే మీకూ చెబుతాను.

సాలూరు, పాచిపెంట, మక్కువ, మెంటాడ, ఈ నాలుగు మండలాలు కలిపి ఒక అసెంబ్లీ సీటు. పాచిపెంట దగ్గర మైదానం అయిపోయి కొండ మొదలవుతుంది. ఘాట్ రోడ్డు ఎక్కితే ఒడిశాలోని సుంకి. కొండదొరలు, జాతాపులు, గదబలు ఉండే ఇలాకా. ఇక్కడి ఎన్నికల తారీఖ్ చదివితే ఎవరు గెలిచారన్న దానికంటే, గెలిచినవాడు ఎవరి ఔలాద్ అన్న బహస్ ఎక్కువ కనిపిస్తుంది.

మొదటి బహస్ 1957ది. అప్పుడు పార్వతీపురం లోక్‌సభ సీటుకి ఇద్దరు మెంబర్లు. ఒకటి ఎస్టీలకు, ఒకటి జనరల్. ఎస్టీ అభ్యర్థుల్లో ఎక్కువ వోట్లు వచ్చినవారికి మొదట రిజర్వుడు సీటు ఇస్తారు. మిగతా అందరిలో ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లకు రెండోది. జనరల్ సీటు తనదేనని వి.వి.గిరి గారు నిలబడ్డారు. అప్పటికే ఢిల్లీలో కార్మిక మంత్రిగా చేసిన మనిషి. ఫలితం చూస్తే రెండు సీట్లూ గిరిజనులకే పోయాయి, ఒకటి బి.సత్యనారాయణకు, ఇంకొకటి డిప్పల సూరిదొరకు. గిరి గారు కొన్ని వందల వోట్ల తేడాతో ఓడిపోయారు.

ఆయన అదాలత్‌కి వెళ్లారు. ఆయన దలీల్ వినండి. సూరిదొర కుటుంబం క్షత్రియ ఆచారాలు పాటిస్తోంది, బ్రాహ్మణ పురోహితులను పిలుస్తోంది, కాబట్టి ఆయన ఇంకా గిరిజనుడు కాడు, క్షత్రియుడు అయిపోయాడు! కొండవాడు కొంచెం పైకి వస్తే, ఆ పైకి రావడమే వాడి మీద ఇల్జామ్ అయిందన్నమాట. 1959లో సుప్రీం కోర్టు ఫైసలా ఇచ్చింది. కులం పుట్టుకతో వచ్చేది, ఆచారాలు మార్చుకున్నంత మాత్రాన మారదు అంది. సూరిదొర ఎంపీగానే ఉన్నారు. గిరి గారు తర్వాత రాష్ట్రపతి అయ్యారు, అది వేరే కహానీ. ఇద్దరు మెంబర్ల సీట్లనే 1961లో చట్టం చేసి ఎత్తేశారు.

రెండో బహస్ దీనికి పూర్తిగా ఉల్టా. సాలూరులో 1994, 1999, 2004లో తెలుగుదేశం తరఫున రాజేంద్ర ప్రతాప్ భంజ్‌దేవ్ వరుసగా గెలిచారు. జమీందారీ ఖాన్‌దాన్. 2004లో ఓడిన కాంగ్రెస్ అభ్యర్థి పీడిక రాజన్నదొర, ఈయన ఎస్టీయే కాదని హైకోర్టుకు వెళ్లారు. 2006లో హైకోర్టు ఆ ఎన్నిక చెల్లదని చెప్పి రాజన్నదొరనే ఎమ్మెల్యేగా ప్రకటించింది. వోటు పెట్టెలో ఓడినవాడు అదాలత్‌లో గెలిచాడు. ఆ తర్వాత 2009, 2014, 2019లో వోట్లతోనే గెలిచారు. 2014లో, 2019లో ఎదురుగా నిలబడింది మళ్లీ భంజ్‌దేవే. రాజన్నదొర 2022లో ఉప ముఖ్యమంత్రి కూడా అయ్యారు.

1957లో దొర రాజు అయిపోయాడని కేసు. 2004లో రాజు దొర కాడని కేసు. మా భతీజా నవ్వాడు. నేను నవ్వలేదు, ఎందుకంటే వాడి జేబులోనూ ఒక కాగజ్ ఉంది. 2007లో మనకు బీసీ-ఈ కింద 4 శాతం వచ్చినప్పుడు సయ్యద్‌లను, పఠాన్‌లను జాబితా బయట ఉంచారు. సర్టిఫికెట్‌లో పేరు ముందు ఏం రాయించాలని ఎన్ని ఇళ్లలో రాత్రంతా బహస్ జరిగిందో మీకు నేను చెప్పాలా? షజరా గోడకు ఫ్రేము కట్టి పెట్టుకున్న బుజుర్గులు కూడా ఆ రోజు తహసీల్దారు ఆఫీసు లైన్లో నిలబడ్డారు.

జుల్మ్ సంగతికి వస్తాను. ముస్లిములు ఎక్కువగా ఉన్న కొన్ని సీట్లను ఎస్సీలకు రిజర్వ్ చేశారని సచార్ కమిటీ 2006 రిపోర్టులో రాసింది. అక్కడ ఆ షికాయత్ జాయజ్. సాలూరులో మనం ముట్టెడంత మందిమి. ఈ సీటు కొండవాడి హక్. అది తెరిచేస్తే వచ్చేది మన షెడ్డు కుర్రాడు కాదు, డబ్బున్న కాంట్రాక్టరు వస్తాడు. ఇంకో మాట కూడా చెప్పాను. ఎస్సీ అనిపించుకోవాలంటే 1950 ఆర్డర్ ప్రకారం హిందువో, సిక్కో, బౌద్ధుడో అయి ఉండాలి. ఎస్టీకి ఆ షరత్ లేదు. గిరిజనుడు కలిమా చదివినా, చర్చికి వెళ్లినా గిరిజనుడే, సాలూరులో నిలబడొచ్చు. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అయితే కొండవాళ్లకు ఏమైనా ఫాయిదా జరిగిందా?" అన్నాడు తర్వాత. అది అసలు సవాల్. డోలీలో గర్భిణులను మోసుకుని దిగే కొండ ఊళ్ల నుంచి నేనే వార్తలు రాశాను, ఎమ్మెల్యే ఎస్టీయే అయినా. సీటు దక్కినంత మాత్రాన రోడ్డు పడదు. కానీ సీటు కూడా లేకపోతే రోడ్డు అడగడానికి తలుపు కూడా ఉండదు.

2024లో తెలుగుదేశం నుంచి గుమ్మిడి సంధ్యారాణి గెలిచి, మహిళా శిశు సంక్షేమ, గిరిజన సంక్షేమ మంత్రి అయ్యారు. 2009లో ఇదే సీటులో ఓడిన మనిషి. మధ్యలో ఎమ్మెల్సీగా చేశారు.

ఇదే నియోజకవర్గపు కొండల మీద కొటియా ఊళ్లు ఉన్నాయి. 21 ఊళ్లు మావంటే మావని ఆంధ్ర, ఒడిశా 1968 నుంచి సుప్రీం కోర్టు దాకా కొట్లాడుతున్నాయి. 2021లో ఆంధ్ర అక్కడ మూడు ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకెక్కింది. అక్కడ చాలామందికి రెండు రాష్ట్రాల వోటర్ కార్డులూ ఉన్నాయి. 2024 మే 13న అరకుకూ కోరాపుట్‌కూ ఒకే రోజు పోలింగ్ పడింది. కొందరు పొద్దున ఒక బూత్‌కి, తర్వాత ఇంకో బూత్‌కి వెళ్లారు. రెండు హుకూమత్‌లూ వాళ్ల కోసం బియ్యం, పెన్షన్లు పట్టుకుని కొండెక్కుతాయి.

"రెండు కాగజ్‌లా?" అని భతీజా కళ్లు పెద్దవి చేశాడు. "మనకు ఒక్కటి తెచ్చుకోవడానికే మూడు నెలలు తిప్పారు కదా చాచా."