గండి కొండ మీద నల్ల గీత

నలభై సెకన్ల వీడియో అది. సంక్రాంతి సెలవులకు బెంగళూరు నుంచి వచ్చినప్పుడు గండిలో తీశా. ఏటికి అవతల కొండ వాలు మీద అయిదారుగురు మనుషులు, వాళ్లలో ఒకాయనది ఖాకీ చొక్కా. ఎండిన బోదకు నిప్పంటించి దాని పక్కనే తాపీగా నడుస్తున్నారు. వెనక తెల్లటి పొగ. 'అడవిని కాపాడాల్సినోళ్లే అగ్గి పెడుతున్నారు' అని క్యాప్షన్ కొట్టి, అమ్మ గుళ్లో ప్రదక్షిణలు పూర్తి చేసి వచ్చేలోపు పోస్టు చేసేశా. రాత్రికి మా వేంపల్లె గ్రూపులన్నింట్లో అదే తిరుగుతోంది. చేతిలో ఫోను, కళ్ల ముందు పొగ ఉంటే ఇంకేం ఆలోచిస్తాం చెప్పండి?

గండి చూడనివాళ్లకు కాస్త చెప్పాలి. కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టిన పాపాఘ్ని, పెన్నలో కలవడానికి పోతూ ఇక్కడ పాలకొండలను నిలువునా చీల్చుకుని బయటపడుతుంది. కొండకు గండి పడింది కాబట్టి పేరు కూడా గండే. వేంపల్లె నుంచి రాయచోటి రోడ్డు పడితే బండి మీద ఎంతోసేపు పట్టదు. నేను ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివేటప్పుడు మా బ్యాచ్‌కు ఇదే పిక్నిక్ స్పాట్, పరీక్షల ముందు ఇదే మొక్కుల స్పాట్. శ్రావణ శనివారాల్లో అయితే కాలు పెట్టే సందు ఉండదు.

వీరాంజనేయుణ్ని రాముడు తన బాణం మొనతో బండ మీద గీశాడని ఇక్కడి కథ. ఎడమ చేతి చిటికెన వేలు ఒక్కటి గీయకుండా మిగిలిపోయిందట. లంక గెలిచి తిరిగొస్తున్న రాముడి కోసం వాయుదేవుడు ఈ రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడనీ, చావు దగ్గరపడిన వాళ్లకే అది కనిపిస్తుందనీ చెబుతారు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఇటుగా గుర్రం మీద పోతూ 'ఆ తోరణం ఎవరు కట్టారు' అని అడిగాడట. పక్కనున్నవాళ్లకు ఏమీ కనిపించలేదు. 1827 జులైలో పత్తికొండలో కలరాతో మన్రో పోయాడు. ఇందులో చావు చరిత్ర, తోరణం జనం మాట.

మూడో రోజు పొద్దున్నే మా ఇంటికి వరసకు మామయ్యే ఒకాయన వచ్చాడు. కాఫీ తాగి, నా ఫోన్ చేతిలోకి తీసుకుని, వీడియో మధ్యలో ఆపి చూపించాడు.

"అబ్బీ, ఖాకీ చొక్కా పక్కన తలకు తువ్వాల చుట్టుకున్నోడు ఎవరనుకున్నావు? నేనే."

ఎండాకాలం నాలుగు నెలలు ఫైర్ వాచర్‌గా దినకూలికి పోతాడాయన. నేను తీసింది ఫైర్‌లైన్ పని. కొండ మీద గడ్డి ఇంకా కొంచెం పచ్చి పట్టుకుని ఉన్నప్పుడు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో, ఒక పట్టీ లాగా గడ్డి కోసేస్తారు. అది ఎండాక గాలి లేని పొద్దు చూసి కాల్చేస్తారు. రెండు పక్కలా మనుషులు పచ్చి మండలు పట్టుకుని నిలబడతారు. నిప్పు పట్టీ దాటితే బాదడమే. అగ్గి ఎప్పుడూ ఎగువకు పరిగెడుతుంది, ఎందుకంటే కింది మంట వేడికి పైనున్న గడ్డి ముందే ఎండిపోయి ఉంటుంది. అందుకే వీళ్లు పై నుంచి కిందికి, గాలికి ఎదురు కాల్చుకుంటూ వస్తారు. అది మెల్లగా, చెప్పిన మాట వింటూ కాలుతుంది.

"మార్చిలో కొండ అంటుకుంటే ఈ నల్ల గీత కాడికొచ్చి ఆగాల. తినేదానికి గడ్డి లేకుంటే అగ్గి యాడికి పోతాది?" అన్నాడు మామ.

నా వీడియో చూసి ఎవరెవరో ఫోన్లు చేశారట. కొన్నాళ్లు పని ఆపమని పై నుంచి చెప్పారు. మామకు అప్పటికే మూడు రోజుల కూలి పోయింది. ఆ మాట ఆయన అనలేదు, మా అత్త అంది.

వెంటనే వీడియో తీసేశా. కానీ అప్పటికే అది నా చేయి దాటి ఏ ఊరి గ్రూపుల్లోకో వెళ్లిపోయింది. ఆ తర్వాత ఓసారి 'నల్లమలలో ఘోరం' అనే పేరుతో నాకే ఫార్వర్డ్ వచ్చింది.

ఇక్కడ మా అబ్బ మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. మామ వెళ్లాక అరుగు మీద నుంచి ఆయన అందుకున్నాడు. "మా కాలంలో మేమే కాల్చేవాళ్లం. వాన పడితే లేత గడ్డి లేస్తాండె, మేకలకు అదే. ఇప్పుడు మేం అగ్గిపుల్ల గీస్తే కేసు, వాళ్లు గీస్తే కూలి." చట్టం ప్రకారం నిజమే. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం నుంచి 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం దాకా రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరమే. వందేళ్లకు పైగా 'కొండకు అగ్గి మహా పాపం' అని గోడల మీద రాయించి, ఇప్పుడు వాళ్లే అగ్గిపెట్టె పట్టుకుని కొండెక్కితే జనం నమ్మకపోవడంలో వింతేముంది? నా క్యాప్షన్‌కు అన్ని లైకులు పడింది కూడా ఆ అనుమానం వల్లే.

తమాషా ఏంటంటే, తెల్లదొరల అటవీ అధికారులకే ఈ తత్వం బోధపడింది. మంటను పూర్తిగా ఆపేస్తే బర్మా టేకు అడవుల్లో కొత్త మొక్క లేవడం లేదని, అడుగున చెత్త పేరుకుపోతోందని 20వ శతాబ్దం మొదట్లోనే గమనించి, సీజన్ మొదట్లోనే తేలిగ్గా కాల్చేసే పద్ధతికి వచ్చారు.

బెంగళూరు తిరిగి వెళ్లాక ఓ వీకెండ్ బీఆర్ హిల్స్ పోయాను. అక్కడి సోలిగలు ఏటా మొదట్లో ఆకుచెత్తను కాల్చేవాళ్లు, దాన్ని 'తరగు బెంకి' అంటారు. 1974లో అది అభయారణ్యం అయ్యాక నిప్పు బంద్. ఇప్పుడు అడవి అడుగంతా లంటానా కంప. మంట ఆపినందుకే ఇది పెరిగిందని సోలిగల మాట. ఎండితే ఆ కంప పెట్రోలు లాగా అంటుకుంటుంది.

అయితే 'కాల్చడమే మంచిది' అని తీర్మానం చేసేయకండి. 2022 ఏప్రిల్ 6న అమెరికాలో, న్యూమెక్సికోలో, అటవీ శాఖ ఇలాగే ప్లాన్ చేసి పెట్టిన నిప్పు గాలికి చేయి దాటింది. జనవరిలో కాల్చిన కట్టె కుప్పల్లో మంచు కింద మూడు నెలలు బతికున్న ఇంకో నిప్పు దానికి తోడైంది. 3,41,000 ఎకరాలు కాలిపోయాయి. వందల కుటుంబాలు ఇళ్లు పోగొట్టుకున్నాయి. దేశమంతటా ఇలాంటి కాల్పులన్నీ 90 రోజులు ఆపేశారు. ఆ ఊళ్ల వాళ్లు ఇక మీదట ఏ ఖాకీ చొక్కాను నమ్ముతారు?

మన పాలకొండలు వేరే రకం అడవి. ఎర్రచందనం పెద్ద మాను మంటను తట్టుకుంటుందేమో గానీ, మోకాలెత్తు మొక్క తట్టుకోదు. ఇదే జిల్లాలో, 1986లో మళ్లీ కనిపించిన కలివికోడి కోసం లంకమల అభయారణ్యం పెట్టుకున్నాం. ఆ పిట్టకు దట్టమైన కంప పనికిరాదు, బోడి నేలా పనికిరాదు, మధ్యరకం పొదలు కావాలి. గుడ్లు పెట్టేది నేల మీదే. అందుకని కొండంతా కాల్చడానికి నేను ఒప్పుకోను. పట్టీ కాల్చడం వేరు. ఆ తేడా నలభై సెకన్లలో కనిపించదు.

మార్చి చివర్లో ఒక రాత్రి, ఆఫీసు పని మధ్యలో నాసా ఫైర్ మ్యాప్ తెరిచా. జనవరి నుంచి నాకది అలవాటైపోయింది. శాటిలైట్ వేడిని పట్టుకుని చుక్క పెడుతుంది, ఒక్కో చుక్క దాదాపు 375 మీటర్ల గడి. మన ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా అటవీ సిబ్బందికి పంపే మెసేజ్‌లకూ ఈ శాటిలైట్లే ఆధారం. గండి ఎగువన నాలుగు ఎర్ర చుక్కలు. గంట తర్వాత చూస్తే ఏడు.

మామకు ఫోన్ కొడితే తీయలేదు. 2014 మార్చిలో తిరుమల కొండలు కాలినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి నీళ్లు చల్లడం టీవీలో చూశాను. మా కొండకు హెలికాప్టర్ రాదు. పచ్చి మండలతో మామ లాంటోళ్లే పోతారు.

పొద్దున ఎనిమిదికి ఆయనే చేశాడు. గొంతు పొగబారి ఉంది. గీత పూర్తయిన మేర మంట ఆగిందట, అవతల ఒక వాలు మొత్తం పోయిందట.

"మనం ఆపేసిన చోటి నుంచేనా మామా?" అని అడిగా.

కాసేపు పలకలేదు. "అట్లని చెప్పలేం అబ్బీ. రాత్రి గాలి శానా ఉండె. గీత ఉన్నచోట కూడా రవ్వలు ఎగిరి అవతల పడినాయి. ఆర్పుకున్నాం. ఆ పక్క మనుషులు చాల్లేదు, అంతే."

ఆయన 'అంతే' అన్నాడు గానీ నాకు అంతే అనిపించలేదు.

శ్రావణంలో వెళ్తే కాలిన వాలే అన్నిటికంటే పచ్చగా ఉంది. మేకలు దాని మీదే. అబ్బ దాన్ని చూపించి 'చూసినావా' అన్నట్టు తల ఎగరేశాడు. దగ్గరకెళ్లి చూస్తే లేచిందంతా గడ్డే. మొక్క జాతి ఒక్కటీ కళ్లబడలేదు.

ఈ సంక్రాంతికి రెండ్రోజుల ముందు మామ ఫోన్: "గురువారం కాలుస్తాండాం. పొద్దున ఆరుకు రా. ఫోను ఇంట్లో పెట్టి రా." ఈసారి మేకల వాళ్లను కూడా ముందే పిలిచి, ఏ వాలు కాలుస్తారో, ఏది వదిలేస్తారో చెప్పారట. అబ్బ కూడా వస్తానన్నాడు. ఆయనను బండి వెనక కూర్చోబెట్టుకుని చీకట్లోనే బయల్దేరా. కొండెక్కగానే మామ నా చేతిలో పచ్చి మండ పెట్టి, పట్టీ ఎడమ పక్క నిలబడమన్నాడు.