దారము తిను పిల్లి

పిల్లి పాలు త్రాగుననియు, ఎలుకలను పట్టుననియు చిన్నపిల్లలు సైతము చెప్పుదురు. ఉన్నిశాలువను నమలి మ్రింగుననిన నమ్మువారరుదు. ఉప్పలులోని మా యింట నట్టి పిల్లి యొకటి నాలుగేండ్లుగా నున్నది. నాచారపు పారిశ్రామికవాడలో నొక గిడ్డంగి వెనుక, తల్లిని బాసి యఱచుచున్న కూనను మావారు రుమాలులో చుట్టి తెచ్చిరి. పేరు బుజ్జి. పెట్టిన యన్నము తిని, పిమ్మట మా అత్తగారి శాలువ యంచును, పాలపొట్లపు మూలను, రబ్బరుబ్యాండును తినును.

"కడుపు నిండిన జంతువు గుడ్డ నేల తినునమ్మా? నీవు సరిగా పెట్టుటలేదేమో" అని యెదురింటి పిన్నిగారు నన్నే యనిరి. ఇది యాకలి కాదు. వైద్యులు దీనిని పైకా యందురు. గర్భవతులు మట్టియు బలపములును తినుటకును అదే పేరు. రక్తహీనత గల స్త్రీలు మట్టిని కోరునట్లే, రక్తము తగ్గిన పిల్లులును గోడలు నాకుట కలదు. కావున మొదట రక్తపరీక్ష చేయింపవలెను. బుజ్జి రక్తము బాగుగనే యున్నది. తల్లిపాలు త్వరగా మానిన కూనలకును, తోచుబడి లేక యింట మూలుగు పిల్లులకును ఈ యలవాటు పట్టునని పెద్దలైన పశువైద్యు లనుమానింతురు. సయామీ, బర్మా జాతుల కిది మిక్కిలి. 1997లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, గుడ్డలు తిను పిల్లులు అన్నిటికంటె ఉన్నినే తఱచుగా కోరినట్లు తేలినది. మా శాలువ దురదృష్టమున కిదియే కారణము కాబోలు!

గుడ్డపీలిక యొకప్పుడు బయటపడిపోవును. దారమో, యమపాశము. పిల్లి నాలుకపై ముండ్లు లోపలివైపునకు వంగి యుండును; చిక్కిన దారమును ఉమియుట దాని తరము కాదు. ఒక కొస నాలుకమొదట చుట్టుకొని, రెండవ కొస ప్రేగులోనికి పోయెనా, ప్రేగు పరికిణీ కుచ్చులవలె ముడుచుకొనును. ఆ దారమే ఱంపమువలె దానిని కోయును.

నిరుడు సంక్రాంతి వెళ్లిన నాల్గవనాడు బుజ్జి బియ్యపుడబ్బా వెనుక దాగి, నీరు త్రాగినను వాంతి చేసికొనజొచ్చెను. నోట దారపు కొస కనబడెను. అత్తగారు లాగబోగా, "వలదత్తయ్యా, ప్రేగు తెగును" అని చేయి పట్టుకొంటిని. నోటనైనను, వెనుకనైనను వ్రేలాడు దారమును లాగరాదు, కత్తిరింపరాదు. ఉన్నది యున్నట్లు వైద్యునికడకు గొనిపోవలెను.

శస్త్రము చేయవలె ననిరి. వ్యయము విని మావారు మౌనము వహించిరి. "సంచిలో కట్టి నాగోలు వంతెన దాటించి మూసీ యావల వదలుడు" అని యొక బంధువు సలహా. మా యింట నెలసరి లెక్క యెట్టిదో నాకు తెలియును, నోరెత్తలేకపోతిని. అత్తగారు తమ పింఛనుసొమ్ము తీసి, "నా శాలువ తిని పెరిగినది, నేనే యిత్తును" అనిరి. కడుపునుండి మాంజాయు, మల్లెదండ దారమును వెడలెను. పదునాలుగు దినములకు కుట్లు విప్పిరి.

అలవాటు పోలేదు, పోవునని వైద్యుడును చెప్పలేదు. కొట్టుటవలన చాటున తినుట నేర్చును, అంతే. శాలువకు తాళమువేసి, కుట్టుపెట్టెకు మూత బిగించితిమి. వాడిన పూలదండల దారము అప్పుడే చెత్తలో వేసి మూయుదుము. అన్నము నాలుగు మారులుగా కొంచెము కొంచెముగా పెట్టి, ఉదయసాయంకాలములు పుల్లకొనకు ఈక నంటించి పరుగెత్తింతుము. కుండీలో గోధుమగడ్డి మొలిపించితిమి. నమలుట కది మేలు. లిల్లీ మొక్క మాత్రము పిల్లి యున్న యింట వలదు, విషము.

గాలిపటముల నైలాను మాంజాను 2017లో జాతీయ హరిత న్యాయస్థానము దేశమంతట నిషేధించినది. అయినను పండుగ పిదప మా మేడపై దారము మూరలకొలది దొరకును. ఈ యేడు అత్తగారు మెట్లపై పీట వేసికొని కూర్చుండి, గుప్పెడు దారము తెచ్చిన కుఱ్ఱవానికెల్ల నొక నువ్వులుండ యిచ్చిరి. సాయంకాలమునకు డబ్బా ఖాళీ!