సెలవులు వచ్చాయి, అమ్మమ్మగారి ఇల్లు దూరం

మన ఊళ్ళలో బడికి వేసవి సెలవులిస్తే పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్ళాలన్న ప్రశ్నే పుట్టదు. అమ్మమ్మగారి ఊరు ఉండనే ఉన్నది. బస్సు టికెట్లు, ఒక సంచిలో బట్టలు, దారిలో తినడానికి పులిహోర, అంతే ఖర్చు. ఆ తరువాత నెల రోజులు మామిడికాయలు, చెరువుగట్టు, రాత్రి డాబా మీద వరుసగా పరచిన చాపలు. నరసాపురం దగ్గరి పల్లెలో మేమూ అలాగే పెరిగాము. అయితే ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో ఇద్దరు చిన్నపిల్లలతో కాపురముంటున్న మాకు ఆ ప్రశ్న ప్రతి సంవత్సరం జూలై నెలలో ఎదురవుతున్నది.

ఇక్కడి బడులకు వేసవి సెలవులు ఇంచుమించు ఆరు వారాలు. జూలై చివరిలో మూసి, సెప్టెంబరు మొదట్లో తెరుస్తారు. పిల్లలందరికీ ఒకేసారి సెలవులు గనుక, ఆ ఆరు వారాల్లో విమానం టికెట్టు మొదలుకొని సముద్రపు ఒడ్డున గది వరకు అన్నిటి ధరా పెరుగుతుంది. "బడి ఉన్న రోజుల్లోనే వెళ్ళి రావచ్చును గదా" అని మీరనవచ్చు. అనుమతి లేకుండా బిడ్డను ఐదు రోజులు బడి మానిపిస్తే జరిమానా పడవచ్చు. 2024 ఆగస్టు నుండి అది ఒక్కో బిడ్డకు తల్లికి 80 పౌండ్లు, తండ్రికి 80 పౌండ్లు. 21 రోజుల్లో కట్టకపోతే ఒక్కొక్కరికి 160 పౌండ్లు అవుతుంది.

2025 వేసవిలో మా పరిస్థితి మరీ ఇరుకుగా ఉండెను. ఆ వసంతకాలంలో ఊళ్ళో పిల్లల తాతయ్యకు గుండె ఆపరేషను జరిగింది. చేతిలో ఉన్నది పంపివేశాము, కొంత అప్పు కూడా చేశాము. ఆగస్టులో నలుగురికీ ఇండియా టికెట్లు చూస్తే మన రూపాయల్లో మూడు లక్షలు దాటినవి. ఇక ఆ మాట మానుకున్నాము. పెద్దపాపకు ఏడేండ్లు, బాబుకు మూడేండ్లు. అంతకు ముందు సంవత్సరం సెలవుల తరువాత బడిలో "మీరు ఎక్కడికి వెళ్ళారు?" అని టీచరు అడిగితే, మా పాప "సూపర్ మార్కెట్టుకు" అని చెప్పి వచ్చింది. పిల్లలు నవ్వారట. ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూచుకోలేకపోయాము.

ఈసారి ఎట్లాగైనా తీసుకువెళ్ళాలని, ఎంత అడిగితే అంత పట్టుదలతో మొదట ఒక తప్పు చేశాము. ఒక విహార కేంద్రం వారి ప్రకటనలో ధర తక్కువగా కనిపించింది. వెంటనే 50 పౌండ్లు అడ్వాన్సు కట్టాము. తీరా వివరాలు చదివితే దుప్పట్లకు వేరే, ఈతకొలనుకు వేరే, సాయంకాలపు ఆటపాటలకు వేరే సొమ్ము. అన్నీ కలిపితే మొదటి ధరకు ఇంచుమించు రెండింతలు! వద్దనుకున్నాము గాని అడ్వాన్సు తిరిగి రాలేదు. ఆ రాత్రి మా ఇద్దరి మధ్య మాట పెరిగింది. "నీవే తొందరపడ్డావు" అని ఒకరం, "నీవు చదివి చెప్పకూడదా" అని ఒకరం. పక్క గదిలో నుండి పాప లేచి వచ్చి, "మనం ఎక్కడికీ వెళ్ళనక్కరలేదు" అన్నది. ఆ మాటతో ఇద్దరమూ ఊరుకున్నాము.

మరునాడు కాగితం, పెన్ను తీసుకుని నెమ్మదిగా కూర్చున్నాము. ముందు స్థలం పేరు వ్రాయలేదు. ఎంత ఖర్చు పెట్టగలమో వ్రాశాము: 450 పౌండ్లు. తరువాత మూడేండ్ల బిడ్డ ఎంతసేపు రైలులో కూర్చోగలడో వ్రాశాము: గంటన్నర. ఆ రెండు మాటలతోనే దూరపు ఊళ్ళన్నీ కొట్టివేయబడ్డాయి. మిగిలినది స్కార్‌బరో, లీడ్స్ నుండి యార్క్ మీదుగా రైలు మారకుండా చేరగల సముద్రతీరపు పట్టణం. యార్క్ నుండి అక్కడికి 1845లో రైలు వేసిన నాటినుండి సామాన్య కుటుంబాలు వేసవికి అక్కడికే పోతున్నవి.

రైలుకు కుటుంబ కార్డు అని ఒకటి ఉన్నది. సంవత్సరానికి 35 పౌండ్లు. పెద్దలకు మూడవ వంతు, 5 నుండి 15 ఏండ్ల పిల్లలకు నూటికి 60 వంతులు తగ్గింపు. అయిదేండ్లలోపు వారికి టికెట్టే లేదు. బస కొరకు ఒక కారవాన్ అద్దెకు తీసుకున్నాము. కారవాన్ అంటే చక్రాల మీద కట్టిన చిన్న ఇల్లు, అయితే కదలదు. లోపల వంటగది, రెండు చిన్న పడకగదులు, స్నానాల గది ఉంటాయి. ఇక్కడ ఆగస్టు చివరి సోమవారం దేశమంతటికీ సెలవు. ఆ సోమవారం నుండి శుక్రవారం వరకు, అనగా బడి తెరవడానికి ముందు వారంలో, అదే కారవాన్ అద్దె నెల మొదట్లో కన్న బాగా తక్కువగా ఉన్నది. నాలుగు రాత్రులకు 210 పౌండ్లు. ఈసారి దుప్పట్లు ఇస్తారా అని ముందే అడిగాము. ఇవ్వరన్నారు గనుక మావే మోసుకువెళ్ళాము. బియ్యం, కందిపప్పు, ఆవకాయ కూడా సంచిలోనికి ఎక్కినవి.

స్కార్‌బరో స్టేషనులో దిగగానే పిల్లలకు మొదటి వింత కనబడింది. ప్లాట్‌ఫారం వెంట 139 మీటర్ల పొడవు బెంచీ! దాని చివరి వరకు పరుగెత్తి వచ్చేసరికి ప్రయాణపు చిరాకంతా పోయింది. పట్టణానికి రెండు తీరాలు. మధ్యలో కొండ, కొండమీద పాత కోట. దక్షిణపు తీరంలో దుకాణాలు, ఆటలు, గాడిదల సవారీ. ఉత్తరపు తీరం కొంత ప్రశాంతంగా ఉంటుంది. చిన్నపిల్లలున్నవారికి మేము ఉత్తరపు తీరమే చెబుతాము. అక్కడ 1931 నుండి నడుస్తున్న చిన్న రైలు ఉన్నది. దాని పక్కనే పీస్‌హోమ్ పార్కు, ప్రవేశం ఉచితం. అక్కడి చెరువులో 1927 నుండి వేసవిలో బొమ్మ ఓడలతో యుద్ధం చూపిస్తున్నారు. ఆ ఓడల్లో కొన్నిటి లోపల మనుష్యులే కూర్చుని నడుపుతారు. దానికి మాత్రం టికెట్టు కొనాలి.

సముద్రం మాత్రం మన సముద్రం కాదు. ఆగస్టులో కూడా నీళ్ళు కాళ్ళు కొరికేంత చల్లన. ఎరుపు పసుపు జెండాల నడుమనే దిగాలి, అక్కడ మాత్రమే కాపలావారు చూస్తుంటారు. ఆటుపోట్ల వేళలు ముందే తెలుసుకోవాలి. మేము చూస్తుండగానే పిల్లలు కట్టిన ఇసుక ఇంటిని నీళ్ళు ముంచివేశాయి. పక్షుల సంగతి చెప్పనే అక్కరలేదు. బాబు చేతిలోని బంగాళాదుంప వేపుడు ముక్కను ఒక పెద్ద సముద్రపు కాకి తన్నుకుపోయింది. వాడి ఏడుపు మాన్పడానికి ఇంకొక పొట్లం కొనవలసి వచ్చింది.

ఒకరోజు బస్సులో విట్బీ వెళ్ళాము. 2025 జనవరి నుండి ఇంగ్లండులో చాలా బస్సులలో పెద్దలకు ఒక్కసారి ప్రయాణానికి 3 పౌండ్లకు మించి తీసుకోరాదని నియమం పెట్టారు గనుక అది మాకు కలిసివచ్చింది. కెప్టెన్ కుక్ ప్రయాణం చేసిన ఎండెవర్ ఓడను కట్టిన రేవు అది. కొండమీది పాత దేవాలయానికి 199 మెట్లు. పాప పైకి లెక్కిస్తూ ఎక్కి 197 అన్నది, దిగుతూ లెక్కిస్తే 201 వచ్చింది! ఆ లెక్కకు పైసా ఖర్చు లేదు.

మూడవ రోజు ఉదయం నుండి వాన. బయటకు అడుగు పెట్టలేదు. కొందరు పిల్లలను తీసుకుని డబ్బు వేసి ఆడే ఆటల దుకాణాలకు పోవడం కిటికీలో నుండి చూచాము. మా లెక్కలో ఆ సొమ్ము లేదు. పప్పుచారు కాచుకున్నాము, వైకుంఠపాళీ ఆడుకున్నాము. రాత్రి చలి ఎక్కువైంది. హీటరు ముందు గదిలో ఒక్కటే ఉన్నది గనుక, పరుపులు అక్కడికి లాగి నలుగురమూ వరుసగా పడుకున్నాము. కారవాన్ రేకుల మీద వాన చప్పుడు వింటూ, గోదావరి వరద వచ్చినప్పుడు అరుగు మీద నుండి చేపలు పట్టిన కథ చెప్పాము. పిల్లలు ఎప్పుడు నిద్రపోయారో తెలియలేదు.

తిరుగు దారిలో యార్క్‌లో దిగి జాతీయ రైల్వే మ్యూజియం చూచాము. అదీ ఉచితమే. 1938లో గంటకు 126 మైళ్ళ వేగంతో పరుగెత్తిన మల్లార్డ్ అనే ఆవిరి ఇంజను అక్కడ ఉన్నది. ఇల్లు చేరి లెక్క చూస్తే 430 పౌండ్లు. మన డబ్బులో ఇంచుమించు 50 వేల రూపాయలు. ఇది ఇక్కడి లెక్కకు తక్కువ, మన పల్లె లెక్కకు ఎక్కువే.

బడి తెరచిన తరువాత పాప సెలవుల గురించి ఒక పేజీ వ్రాసింది. గాడిద గురించి ఒక మాట, ఓడల గురించి ఒక మాట ఉన్నది. తక్కినదంతా వాన రాత్రి గురించే. "మా ఇంట్లో అందరం వేరు వేరు గదుల్లో పడుకుంటాము. అక్కడ ఒకే గదిలో పడుకున్నాము" అని వ్రాసింది. మేము ఇక్కడ కొనలేక బాధపడినది, మా చిన్ననాడు డాబా మీద చాపలపై ఊరకనే దొరికినది, ఇదే గదా అనుకున్నాము.

చిన్నపిల్లలున్న తల్లిదండ్రులకు మా అనుభవం చెబుతున్నాము. ముందు సొమ్ము నిర్ణయించుకోండి, తరువాత స్థలం. పెద్దల కోరికను బట్టి గాక, అందరికన్న చిన్నబిడ్డ ఓపికను బట్టి దూరం ఎంచుకోండి. ప్రకటనలోని ధరను నమ్మక, దానిలో ఏది కలిసిలేదో అడగండి. ఒక రోజు వాన వస్తుందని ముందే లెక్క వేసుకోండి. ఇది స్కార్‌బరోకైనా, మన పేరుపాలెం బీచికైనా ఒకటే.

ఆ పేజీని ఫోనులో అమ్మమ్మకు తెలుగులో చదివి వినిపించాము. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "మీరు రాలేకపోతే నన్నే ఆ చక్రాల ఇంటికి తీసుకుపొండి" అన్నది. ఆమె పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టించాము. ఈసారి కాగితం మీద వ్రాయవలసిన మొత్తం పెద్దది. నెలనెలా కొంచెం కొంచెం వేస్తున్నాము.