"ఎలా ఉన్నారు?" అని డాక్టరు అడిగితే

ఎవరైనా "ఎలా ఉన్నారు?" అని పలకరిస్తే "బాగానే ఉన్నామండీ" అనడం మనకు అలవాటు. పెళ్ళిళ్ళలో, పేరంటాలలో ఆ జవాబు చాలు. కానీ ఇంట్లో కాన్సరు మనిషిని చూసుకుంటున్నప్పుడు డాక్టరు అదే మాట అడిగితే మాత్రం చాలదు. ఎందుకంటారా? మా అత్తమ్మ సంగతి చెబుతాను, వినండి.

ఆవిడది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. రొమ్ము కాన్సరు ఎముకలకు పాకాక కర్నూలు తీసుకెళ్ళి చూపించేవాళ్ళం. డాక్టరమ్మ పలకరించగానే అత్తమ్మ కొంగు సర్దుకుని "బాగుండాను తల్లీ" అనేది. బాగాలేదంటే మందులు ఆపేస్తారని ఆమె భయం. మావారూ తల ఊపేవారు.

ఒకసారి డాక్టరమ్మ నావైపు తిరిగింది. "నిన్న ఎంత దూరం నడిచింది? ఇంట్లో ఏ పని చేసింది? స్నానం తనే చేసిందా? ఎంత తినింది? పగలు మెలకువగా, తెలివిగా ఉంటోందా?" అని ఒక్కొక్కటే అడిగింది.

ఉన్నదున్నట్టు చెప్పాను. దొడ్లోకి పోవాలంటే నేను పట్టుకోవాలి. చీర నేనే కట్టాలి. సంగటి సగం ముద్ద కూడా పోదు, జావే ఆధారం. పగలంతా దాదాపు మంచం మీదే. కదిలితే నొప్పి. బయటికొచ్చాక అత్తమ్మ "అదంతా ఆడ చెప్పాల్నా అమ్మీ?" అంది. ఆ మాటకు నా మనసు చివుక్కుమంది.

ఆ ఐదు ప్రశ్నల వెనుక ఒక కొలత ఉంది. 1996లో కెనడాలోని విక్టోరియా హాస్పిస్ వాళ్ళు దాన్ని ప్రకటించారు. నడక, పనీ జబ్బు తీవ్రతా, సొంత పనులు, తిండి, తెలివి చూసి అంకె వేస్తారు. పూర్తిగా బాగుంటే 100. అక్కడి నుంచి పదేసి తగ్గుతుంది. 50 అంటే ఎక్కువసేపు కూర్చునో పడుకునో ఉంటారు, చాలా సాయం కావాలి. 30 అంటే పూర్తిగా మంచమే. ఈకాగ్ అనే మరో కొలతలో లెక్క తిరగబడుతుంది. అందులో 0 మంచిది, 4 అంటే మంచం పట్టినట్టు. అందుకని ఫైల్లో అంకె చూసి గాభరా పడకండి, ఏ కొలతో అడగండి.

ఈ అంకెతో పనేమిటంటే, ఒళ్ళు బాగా నీరసించిన మనిషికి కీమో మేలుకన్నా కీడే ఎక్కువ చేయవచ్చు. అంకె ఉన్నట్టుండి పడిపోతే కారణం వెతకాలి. అది జబ్బు ముదరడం కావచ్చు, తగ్గించగల నొప్పో, రక్తం తక్కువో, మలబద్ధకమో కావచ్చు.

అత్తమ్మకు కీమో ఆపారు. నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఇచ్చి, ఎముకకు ఒక్కసారి కరెంటు పెట్టారు. రెండు మూడు వారాలకు ఆమె అరుగు మీద కూర్చుని శెనక్కాయలు ఒలిచింది! జబ్బు నయమైందని కాదు. నాలుగు నెలలకు మళ్ళీ మంచం పట్టింది, పోయింది. కానీ ఆ నాలుగు నెలలూ నొప్పితో కేకలు పెట్టలేదు. మనవరాలికి జడ వేసింది.

ఇంకో మాట. అంకె తగ్గితే కోడలు సరిగ్గా చూడలేదని అర్థం కాదు. ఎవరైనా అలా అంటే పట్టించుకోకండి. అది జబ్బుకు కొలతేగాని మన సేవకు మార్కులు కాదు.

పాల లెక్క రాసే క్యాలెండరులోనే రోజూ నాలుగు ముక్కలు రాయండి: నడిచింది, తినింది, స్నానం ఎవరు చేయించారు, ఎంతసేపు పడుకుంది. మనిషి ఎదుట చెప్పడానికి నోరు రాకపోతే అవే చీటీ మీద రాసి డాక్టరు చేతికివ్వండి. ఆమె గౌరవం ఆమెకు ఉంటుంది, తెలియాల్సింది డాక్టరుకు తెలుస్తుంది.